తెలుగు సినిమా ఏరియా వ్యాపారం

సినిమా పూర్తికాకముందే దాని ప్రదర్శన హక్కులను ప్రాంతాలవారీగా పంపిణీదారులకు అమ్మే పద్ధతిని తెలుగు చిత్రసీమలో ఏరియా వ్యాపారం అంటారు. కొనేవాడు బయ్యర్. అతను డబ్బు కట్టేనాటికి చూడడానికి సినిమా ఉండదు. హీరో ఎవరు, దర్శకుడి కిందటి సినిమా ఎంత రాబట్టింది, విడుదల ఏ పండక్కి అన్న మూడు సంగతుల మీదే బేరం తెగుతుంది. తెలుగు కమర్షియల్ సినిమా ఇవాళ ఉన్న తీరుకు దర్శకుల అభిరుచి కన్నా ఈ బేరమే ఎక్కువ కారణం.

వ్యాపారుల పటం

ఈ వ్యాపారానికి సొంత భూగోళం ఉంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ (గోదావరి జిల్లాలు), కృష్ణా, గుంటూరు, నెల్లూరు. వీటికి తోడు కర్ణాటక, ఓవర్సీస్. నిజాం రాజ్యం 1948లోనే భారతదేశంలో కలిసింది, 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. సినిమావాళ్లకు మాత్రం అది నైజామే. సీడెడ్ కథ ఇంకా విచిత్రం. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలను దత్తమండలాలు అనేవారు. ఆ పేరు తమకు తగదని 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభ నాటి నుంచి అక్కడివాళ్లు రాయలసీమ అని పిలుచుకుంటున్నారు. వదిలించుకున్న పేరే ఇంగ్లీషు రూపంలో కలెక్షన్ల కాగితాల మీద ఇంకా బతికుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 26 అయినా బయ్యర్ల పటంలో గీత కదల్లేదు.

లెక్కలు, ఒప్పందాలు

థియేటర్ వసూలు మొత్తం గ్రాస్. జీఎస్టీ, థియేటర్ అద్దె పోగా పంపిణీదారుకు మిగిలేది షేర్. పోస్టర్ మీద వేసేది గ్రాస్. బయ్యర్ రోజూ డీసీఆర్‌లో, అంటే రోజువారీ వసూళ్ల కాగితంలో వెతుక్కునేది షేర్. హక్కులు ఔట్‌రైట్‌గా కొంటే లాభమైనా నష్టమైనా అతనిదే. ఎన్ఆర్ఏ, అంటే తిరిగివ్వని అడ్వాన్సు పద్ధతిలో కొంటే నష్టం అతనిది, పెట్టుబడీ కమీషనూ దాటి వచ్చిన ఓవర్‌ఫ్లోలో మాత్రం నిర్మాతకూ వాటా. మామూలు అడ్వాన్సయితే తగ్గిన మొత్తం నిర్మాతే తిరిగివ్వాలి. చాలాసార్లు అది చేతికి రాదు, తర్వాతి సినిమా రేటులో సర్దుబాటవుతుంది. అలా ఫ్లాపు పడ్డ హీరో మరుసటి సినిమా పాత బాకీ మోసుకునే మొదలవుతుంది.

ల్యాబ్ లెటర్

నిర్మాత చేతిలో ఉండేది ఎక్కువగా ఫైనాన్షియర్ డబ్బే. ఫిల్మ్ రీళ్ల కాలంలో ఆ అప్పుకు హామీ ల్యాబ్ లెటర్: ఈ ఫైనాన్షియర్ బాకీ తీరేదాకా ప్రింట్లు బయటికి ఇవ్వం అని ల్యాబ్ రాసిచ్చే ఉత్తరం. నెగటివ్ ల్యాబ్‌లోనే ఉండేది కాబట్టి అంతకు మించిన తాకట్టు లేదు. విడుదల ముందురోజు రాత్రి లెక్కలు తెగేవి. బయ్యర్లు తేవాల్సిన చివరి వాయిదా రాకపోతే హీరో పారితోషికంలో కోత, సాంకేతిక నిపుణుల బకాయికి వాయిదా, అవీ చాలకపోతే మార్నింగ్ షో రద్దు. డిజిటల్ వచ్చాక రీళ్ల పెట్టెలు పోయి, సర్వర్‌లో సినిమాను తెరిచే తాళం లాంటి కేడీఎం వచ్చింది. అర్ధరాత్రి బేరం మాత్రం అలాగే ఉంది. డిజిటల్ కంపెనీలు థియేటర్ ప్రొజెక్షన్‌కు వసూలు చేసే వీపీఎఫ్ చార్జీలు ఎక్కువని 2018 మార్చిలో తెలుగు రాష్ట్రాల్లో థియేటర్లు కొన్ని రోజులు మూతపడ్డాయి.

కథ మీద పడే ముద్ర

చూడని సరుకును అమ్మాలంటే దాని కొలతలు ముందే తెలియాలి. ‘ఆరు పాటలు, నాలుగు ఫైట్లు’ అన్నది విమర్శకుల ఎగతాళిగా మిగిలింది కానీ బయ్యర్‌కు అది సరుకు జాబితా. ఏరియా మార్కెట్టుతో పాటు ఒక కథా రకం ఎలా పాకుతుందో రాయలసీమ ముఠాకక్షల మీద తీసిన ఫ్యాక్షన్ సినిమాల్లో చూడవచ్చు. సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001) ఆడిన తీరు చూశాక 2002లో ఆది, ఇంద్ర వచ్చాయి. తర్వాత ఏ పెద్ద హీరో అయినా సుమోలు గాల్లోకి లేపక తప్పలేదు. తమ నేలను బాంబులకు, వేటకొడవళ్లకు కుదించారని రాయలసీమ రచయితలు చేసిన ఫిర్యాదు న్యాయమైనదే.

హిందీ డబ్బింగ్ హక్కులు, శాటిలైట్ హక్కులు ఖరీదైన కొద్దీ కొలతలు మారాయి. 2015, 2017ల్లో వచ్చిన బాహుబలి భాగాలు ఒకే కథను రెండుసార్లు అమ్మవచ్చని చూపాయి. ఒక్క సినిమాగా మొదలైన పుష్ప మధ్యలో రెండయింది.

థియేటర్లు, టికెట్లు

సంక్రాంతికి థియేటర్లు దొరకడం సగం విజయం. చాలా సింగిల్ స్క్రీన్లు లీజుల మీద కొద్దిమంది పంపిణీదారుల చేతుల్లో ఉండడంతో ‘ఆ నలుగురు’ అన్న మాట పరిశ్రమలో నానుడి అయింది. 2024 జనవరి 12న గుంటూరు కారం, హనుమాన్ ఒకేరోజు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో చిన్న సినిమా హనుమాన్‌కు తెరలు దొరకని గొడవ బాహాటంగా జరిగింది. చివరికి తెరలు పెంచుకుంటూ పోయింది హనుమానే. అద్దె గిట్టుబాటు కావడం లేదు, మల్టీప్లెక్సులకిచ్చినట్టే తమకూ వసూళ్లలో శాతం ఇవ్వండని సింగిల్ స్క్రీన్ యజమానులు 2025లో పట్టుబట్టారు.

ఎక్కువ రేటుకు కొన్న బయ్యర్‌కు మొదటి మూడు రోజులే దిక్కు. బెనిఫిట్ షోలు, టికెట్ పెంపు కోసం ప్రతి పెద్ద సినిమాకూ సచివాలయం చుట్టూ తిరగడం అందుకే. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో ధరలు బాగా తగ్గించినప్పుడు పరిశ్రమ గగ్గోలుపెట్టింది. 2022 మార్చిలో రేట్లు సవరించారు. 2024 డిసెంబరులో పుష్ప 2 ప్రీమియర్ రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయాక తెలంగాణ ప్రభుత్వం ఇక ప్రత్యేక షోలకు అనుమతి ఇవ్వబోమంది. కొన్ని వారాలకే సంక్రాంతి సినిమాకు పెంపు ఉత్తర్వు వచ్చింది.

ఓటీటీ

ఖర్చులు భరించలేకపోతున్నామని 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేశారు. అప్పటి చర్చల్లో పెద్ద సినిమా ఓటీటీకి వెళ్లడానికి ఎనిమిది వారాల ఎడం ఉండాలని అనుకున్నారు. తర్వాత చాలా సినిమాలు నాలుగు వారాలకే ఇళ్లలో కనిపించాయి. ఇప్పుడు పెద్ద సినిమా పెట్టుబడిలో గణనీయమైన భాగం ఓటీటీ ఒప్పందం నుంచే రావాలి కాబట్టి, విడుదల తేదీ ఖాయం చేసేముందు నిర్మాత ఫోన్ చేసేది నైజాం బయ్యర్‌కు కాదు, ముంబైలోని ఓటీటీ కార్యాలయానికి.