మూసీ వంతెనలును హైదరాబాదు వీథుల సంధానమును

నగరముయొక్క విస్తృతి వేఱు, దాని వీథుల పరస్పర సంధానము వేఱు. మొదటిది పెరిగినంతమాత్రమున రెండవది పెరుగదు. ఇందులకు హైదరాబాదు చరిత్రము నిదర్శనము.

1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారును నడుమ నిలిపి నాలుగు దిక్కులకును రాజవీథులు తీర్పించెను. పురము నాలుగు భాగములయ్యెను. ఆ చతుష్పథమే వానినన్నిటిని గూర్చెను. గోలకొండనుండి నదిని దాటుటకు 1578లోనే పురానాపులు కట్టబడియుండెను. ఆ వంతెన నగరముకంటె 13 ఏండ్లు పెద్దది.

18వ శతాబ్దిలో ముబారిజ్ ఖాన్ ఆరంభించిన ప్రాకారమును నిజాముల్ముల్కు ముగించెను. రాకపోకలు ద్వారములకు పరిమితములయ్యెను. అయినను జనావాసము నదికి ఉత్తరముగా వ్యాపించెను. అచ్చట ఆంగ్లేయుల రెసిడెన్సీ వెలసెను. 1806లో సికిందరాబాదు దండు ఏర్పడెను. 1874లో రైలు వచ్చెను. 19వ శతాబ్దిలో చాదర్‌ఘాటు, అఫ్జల్, ముస్లింజంగు వంతెనలు మూడు కట్టబడెను. విశాలమైన రెండు తీరములను కలుపుటకు ఈ నాలుగు వంతెనలే ఆధారము.

1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీ పొంగెను. వేలకొలది జనులు మడిసిరి. క్రొత్త వంతెనలు మూడును కొట్టుకొనిపోయెను. రెండు తీరములకును పురానాపులొక్కటియే బంధమై మిగిలెను. మూడు శతాబ్దులు పెరిగిన నగరము నాడు తాను పుట్టకమున్ను కట్టిన వంతెనపై నిలువవలసివచ్చెను.

పిమ్మట విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము నిర్మింపబడెను. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడి ఇఱుకు పేటలలో వెడల్పు బాటలు తెఱచెను. వరదను ఆపుటయే గాక వీథులను కలుపుటయు నగరరక్షయే యని నాటివారు గ్రహించిరి.

తరువాతి విస్తరణమున ఈ నీతి తఱచు మఱువబడినది. ఒక్కొక్క నివాసస్థలము పెద్దబాటకు ఒక్క ముఖమే తెఱచి, పొరుగు వీథితో కలియక ముగియుచున్నది. 158 కిలోమీటర్ల వలయమార్గము నగరమును చుట్టివచ్చినను లోపలి సందులను కలుపజాలదు. 1975 పిదప ప్రపంచమున పెక్కుచోట్ల క్రొత్త వీథులు పాతవానికంటె తక్కువ కలియుచున్నవని పటముల పరిశీలనమున తేలినది. నాలుగు బాటల కూడలిలో ఒకటి మూసికొన్నను మూడు మిగులును. ముందునకు దారిలేని సందున నడచువాడు వెనుదిరుగవలసినదే.

హైదరాబాదునుండి నాగపురమునకు ఉత్తరముగా సాగు 44వ జాతీయ రహదారికి పడమట ఆదిలాబాదు జిల్లాలోని బోథ్ గలదు. అట్టి చిన్న ఊళ్ల కింకను అవకాశము గలదు. ఇండ్లు లేవకమున్ను వీథిని వీథితో కలుపుట సులభము. లేచినపిదప గోడలు పడగొట్టక తీఱదు.