అండమాన్ 2004: డిజిటల్ వైర్‌లెస్ మేలా, పాత అనలాగ్ రేడియో మేలా?

జీఎస్-3 విపత్తు నిర్వహణ జవాబుల్లో మనలో చాలామంది కళ్లు మూసుకుని రాసే వాక్యం ఒకటుంది: "అనలాగ్ వైర్‌లెస్ స్థానంలో డిజిటల్ వ్యవస్థ తేవాలి." నేనూ రాశాను. ఈసీఈ చదివినవాణ్ని కాబట్టి ఇంకాస్త ధీమాగానే రాశాను. 2004 డిసెంబర్ 26 గురించి చదివాక ఆ వాక్యం కొట్టేయాల్సి వచ్చింది.

ఆ రోజు ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం, వెంటనే సునామీ. కార్ నికోబార్‌లో వైమానిక దళ స్థావరమే దెబ్బతింది. ద్వీపాలకు ఫోన్లు కలవడం లేదు. అదే సమయంలో పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక హోటల్లో, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం ఉంది. వాళ్లు వెళ్లింది సహాయానికి కాదు. ఏళ్ల తరబడి హామ్ రేడియోకి అనుమతి లేని ఆ ద్వీపాల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. భూకంపం రాగానే ఆ సరదా పక్కన పెట్టి, అవే సెట్లతో ప్రధాన భూభాగానికి కబుర్లు చేరవేయడం మొదలుపెట్టారు. ఎవరు క్షేమం, ఎవరి జాడ తెలియలేదు, ఇవే ఆ కబుర్లు. తర్వాత హామ్‌లు కార్ నికోబార్‌కీ వెళ్లారు.

ఇదెలా సాధ్యమైందో చూడండి. హెచ్‌ఎఫ్ తరంగాలు అయనోస్ఫియర్‌ను తాకి తిరిగి భూమికి వస్తాయి. పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి వెయ్యి కిలోమీటర్లకు పైనే, మధ్యలో ఒక్క టవరూ అక్కర్లేదు. ఇంకో సంగతి: అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ బుసబుసమనే చప్పుడు పెరుగుతుంది కానీ, ఆ రొదలోంచే చెవి మాటను ఏరుకుంటుంది. డిజిటల్‌లో చివరిదాకా మాట స్పష్టంగా ఉంటుంది, పొరపాట్లు సరిదిద్దే హద్దు దాటగానే ఒక్కసారిగా తెగిపోతుంది.

అయితే దీన్ని పట్టుకుని "అనలాగే గొప్ప" అని రాస్తే మార్కులు పోతాయి, పోవాలి కూడా. హామ్ హెచ్‌ఎఫ్ సెట్‌ను పోలీసు చేతిలోని వాకీటాకీతో పోల్చడమే అన్యాయం. వాకీటాకీ వీహెచ్‌ఎఫ్, అనలాగ్ అయినా రిపీటర్ లేకపోతే కొద్ది కిలోమీటర్లే. పైగా ఎన్‌క్రిప్షన్ లేని అనలాగ్ ఛానల్‌ను స్కానర్ ఉన్న ఎవరైనా వినొచ్చు. డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్లో ఒకేసారి రెండు సంభాషణలు నడుపుతుంది, టెట్రా 25 కిలోహెర్ట్జ్‌లో నాలుగు. వందల మంది ఒకేసారి మాట్లాడే ఢిల్లీ మెట్రోలో టెట్రా వాడుతున్నారంటే కారణం ఇదే.

కాబట్టి అసలు ప్రశ్న సెట్ ఏ రకమన్నది కాదు, అది దేని మీద ఆధారపడి ఉందన్నది. టవర్, కరెంటు, కంట్రోల్ రూమ్ ఈ మూడూ పోయినా టెట్రా సెట్లు డైరెక్ట్ మోడ్‌లో దగ్గర్లోని సెట్‌తో మాట్లాడగలవు. దూరానికి మాత్రం హెచ్‌ఎఫో, ఉపగ్రహమో కావాలి. కేంద్ర హోం శాఖ కింద పోలీసు వైర్‌లెస్ సమన్వయానికి 1946 నుంచే ఒక సంస్థ ఉంది, జవాబులో దాని పేరు రాయడం చాలామంది మరచిపోతారు: డైరెక్టరేట్ ఆఫ్ కోఆర్డినేషన్ పోలీస్ వైర్‌లెస్.

ఈ వారం మీ జిల్లా విపత్తు ప్రణాళిక తెరిచి చూడండి. టవర్లు కూలిన రోజున ఎవరు, ఏ సెట్‌తో, ఎవరితో మాట్లాడాలో అందులో రాసి ఉందా?