రక్తంలోనికి దారి

కొల్లేటి మిగులు నీటిని సముద్రానికి చేర్చే దారి ఉప్పుటేరు. సరస్సులో నీరు తగ్గినప్పుడు, పోటు వేళ ఉప్పునీరు అదే దారిన వెనుకకు ఎగదన్ని వస్తుంది. ఒకందుకు ఉన్న దారి వేరొకందుకూ దారి కావటం ఆసుపత్రులలోనూ ఉన్నదే.

విషమస్థితిలోని రోగికి మందులు ఎక్కించటానికి మెడలోనో, రొమ్ము పైభాగంలోనో ఉన్న పెద్ద సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె దాపునకు పంపుతారు. కొందరు మూత్రపిండ రోగులకు డయాలిసిస్ జరిగేదీ ఇట్టి గొట్టం ద్వారానే. 1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డెలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు తన చేతి సిరలోనికి 65 సెంటీమీటర్ల గొట్టాన్ని జొనిపి, తానే నడిచి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకొన్నాడు. 1956లో ఆయనకు మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమతి లభించినది.

అయితే చర్మంపై నిరపాయంగా బ్రతికే సూక్ష్మజీవులు ఆ గొట్టం వెంట రక్తంలో చేరితే ప్రాణాపాయమే. మందుతో చంపరాదా అని విద్యార్థులు అడగవచ్చు. 1895లో మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు అధిపతిగా ఉండగా, అక్కడ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. పలు విధాల సూక్ష్మజీవులపై పనిచేసిన మందు అది. కాని గొట్టం గోడను అంటుకొన్న జీవులు, చెరువు మెట్లపై పాచివలె, తమ చుట్టూ జిగురుపొర అల్లుకొంటాయి. ఆ పొరలో ఉన్నవాటిని మందులు సులువుగా చంపలేవు. కనుక వాటిని రానీయకపోవటమే మేలు.

ఈ పాఠం పాతదే. 1847 ఏప్రిల్‌లో వియన్నాలోని ఒక ప్రసూతి విభాగంలో నూటికి 18 మంది తల్లులు మరణించారు. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురుళ్ళు పోయటం ఇందుకు కారణమని సెమ్మెల్‌వైస్ గ్రహించి, సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడిగించాడు. జూలైలో మరణాలు నూటికి ఒకటికి దిగినవి.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, నూరుకు పైగా ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో డాక్టర్ ప్రొనోవోస్ట్ బృందం అయిదు నియమాలు పెట్టినది: చేతులు కడుగుకొనుట, శుద్ధమైన అంగీ, చేతొడుగులు ధరించి రోగిని నిండా కప్పుట, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడుచుట, వీలైనంతవరకు గజ్జ సిరను వదలుట, అవసరం తీరగానే గొట్టం తీసివేయుట. నియమం తప్పితే వైద్యుని ఆపే అధికారం నర్సులకు ఇచ్చారు. గొట్టం ఉన్న వేయి రోగిదినాలకు సగటున 7.7గా ఉన్న రక్తదోషాలు, 18 నెలలలో 1.4కు తగ్గినట్లు 2006లో ప్రకటించారు. ఇందులో కొత్త మందేదీ లేదు.

ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా మనవారెవరికైనా ఇట్టి గొట్టం ఉంటే, "చేతులు కడుగుకొన్నారాండీ? ఇది ఇంకా అవసరమేనా?" అని అడగటం అమర్యాద కాదు. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.