ఆదిలాబాదు కొండలపై గోండుల చెలకలు

హైదరాబాదు పాతనగరమున, చౌమహల్లా భవనములో ఆసఫ్‌జాహీ ప్రభువులు దర్బారు జరుపుచున్న కాలమున, ఆ నగరమును కన్నులతో చూడని వేలకొలది రైతులు వారి యేలుబడిలోనే ఆదిలాబాదు కొండలపై సేద్యము చేయుచుండిరి. నవాబుల వంశావళిని వ్రాసినంత శ్రద్ధతో మన చరిత్రకారులు ఆ పొలముల ముచ్చట వ్రాయలేదు.

గోండులు అడవిలో దుంపలు త్రవ్వుకొని బ్రతికినవారని పలువురు తలచుచుందురు. అది పొరపాటు. చాందా రాజధానిగా వారికి రాజ్యముండెను. వారు నాగలియు, ఎడ్లును గల రైతులు. నిటారుగనున్న వాలులలో పోడు కొట్టి, గుద్దలితో విత్తినవారు వారి పొరుగువారైన కొలాములు.

కొండమీది నేల పలుచని ఎఱ్ఱచెలక. వానకాలమున జొన్నయు, చిరుధాన్యములును పండును. కొన్ని యేండ్లకు సారము తగ్గగానే గోండు రైతు దానిని పడావు పెట్టి, వేరొక చెలకకు నాగలి మరల్చును. విడిచినచోట పొదలు మొలచును, చెట్లెదుగును; నేల కోలుకొనిన పిదప మరల దున్నును. రైతు లెక్కలో ఆ బీడు తనదే. లోయలలోని రేగడిలో యాసంగి జొన్న వేయుచుండిరి.

రోమకులు బ్రిటనును ఏలిన దినములలో అచ్చటి ఉత్తరపు కొండలలోను స్వదేశ రైతులు ఇట్లే తమ సేద్యము సాగించిరి. వారి రాతిగట్లు కొన్ని నేటికిని నిలిచియుండుటచే పండితులు ఆ పొలముల హద్దులు గుర్తింపగలుగుచున్నారు. మన చెలకలకు రాతిగట్టు లేదు. గూడెపు పెద్దల జ్ఞాపకమే హద్దు.

సర్కారు దఫ్తరము ఉర్దూలో నడచెను. గూడెపు పలుకు గోండీ. దున్నుచున్న నేలను మాత్రమే పొలమని వ్రాసికొనిరి. బీడు సర్కారు భూమియయ్యెను; చెట్లు మొలచినది రక్షితారణ్యములో కలిసెను. పశువులు మేసిన పుల్లరి, కొయ్య నరికిన జరిమానా, అడవి జవానుల మామూళ్లు వేరు. 1920ల చివర కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తియైన పిదప మైదానముల వారి రాక హెచ్చెను. మంచి రేగడికి పట్టాలు పొందినవారు వారే. కాగితమెరుగని గోండు తన పొలములోనే కౌలుదారయ్యెను.

సంకేపల్లిలో పుట్టిన కొమరం భీము జోడేఘాట్ పరిసరములందలి పన్నెండు గూడెములను కూడగట్టి తిరుగబడెను. 1940లో పోలీసు కాల్పులలో అనుచరులతో కూడ మరణించెను. ఆశ్వయుజ పౌర్ణమినాడు గోండులు నేటికిని జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుదురు.

ఆ పిదపనే నగరము మేల్కొనెను. వియన్నాలో పుట్టిన హైమెన్‌డార్ఫ్ పండితుని సర్కారు విచారణకు పంపెను. ఆయన మార్లవాయిలో నివసించి, గోండుల మాటను వారి భాషలోనే వినెను. 1943లో అచ్చట ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల వెలసెను. గోండీ వాచకములు దేవనాగరి లిపిలో అచ్చయ్యెను. పలువురికి పట్టాలును లభించెను. ఇంతటి పని తుపాకి మ్రోగక పూర్వమే జరుగరాదా యని అడుగువారికి సమాధానము చెప్పుట కష్టము.

1970 నాటి చట్టసవరణ ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోవుటను నిషేధించెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము నాలుగు హెక్టారులకు మించకుండ, వాస్తవముగ స్వాధీనములో నున్నంత మేరకే హక్కు నిచ్చుచున్నది. విశ్రాంతికి విడిచి, చెట్లెదిగిన చెలకను స్వాధీనములోనిదని చూపుట మాత్రము గూడెపు పెద్దలకు సులభము కాదు.