పిట్స్‌బర్గ్ అంటే గుడి ఒక్కటేనా?

అమెరికాలో ఉంటున్న తెలుగు సాఫ్ట్‌వేర్ జనాన్ని ఎవర్నైనా పిట్స్‌బర్గ్‌లో ఏముందని అడగండి, ఠక్కున వెంకటేశ్వరస్వామి గుడి అంటారు. పెన్ హిల్స్‌లో 1976 నుంచీ ఉన్న గుడి మరి! లాంగ్ వీకెండ్ వస్తే కారేసుకుని వెళ్ళడం, దర్శనం, పులిహోర, మళ్ళీ హైవే. నేను చెప్పబోయేది ఆ గుడికి అరగంట దూరంలో, నది ఒడ్డున ఉన్న చరిత్ర గురించి.

గుడి ఉన్న అలెగేనీ కౌంటీ (మన జిల్లా లాంటిదన్నమాట) ఒకప్పుడు అమెరికాకి ఉక్కు ఖిల్లా. అలెగేనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహైయో అయ్యేది ఇక్కడే. చుట్టుపక్కల బొగ్గు, సరుకు మొయ్యడానికి నది... ఇంకేం కావాలి? 1875లో ఆండ్రూ కార్నెగీ బ్రాడక్‌లో ఉక్కు మిల్లు మొదలెట్టాడు. 1883లో నదికి అవతల, కాస్త దిగువన ఉన్న హోంస్టెడ్ మిల్లునీ కొనేశాడు.

మొన్న లేబర్ డే సెలవులకి వెళ్ళినప్పుడు ఇవన్నీ తిరిగొచ్చాను. ముందు చూడాల్సింది క్యారీ ఫర్నేస్. 1907లో కట్టిన రెండు బ్లాస్ట్ ఫర్నేసులు, 92 అడుగుల ఎత్తున, తుప్పుపట్టి అలాగే నిలబడి ఉన్నాయి. ఇక్కడ కరిగిన ఇనుము రైలు బండ్లలో, వంతెన మీదుగా నది దాటి హోంస్టెడ్ చేరి ఉక్కయ్యేది. 1982కల్లా కొలిమి చల్లారిపోయింది, 1986లో హోంస్టెడ్ మిల్లూ మూతపడింది. 2006లో క్యారీని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. గైడు వెంట ఉండి అన్నీ చూపిస్తాడు.

అవతలి ఒడ్డున హోంస్టెడ్ మిల్లు ఉన్నచోట 1999లో పెద్ద షాపింగ్ సెంటర్ వచ్చింది. సినిమా హాలు, హోటళ్ళు, మధ్యలో పాత మిల్లు తాలూకు 12 ఇటుక పొగగొట్టాలు. అందరూ వాటి ముందు ఫొటోలు దిగుతారు. పక్కనుంచే గ్రేట్ అలెగేనీ ప్యాసేజ్ అనే సైకిల్ దారి వెళ్తుంది. మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు, చాలామటుకు పాత రైలు మార్గాల మీదే వేశారు. 2013లో పూర్తయింది.

ఆ దారిలోనే పంప్ హౌస్ అని ఒక పాత ఇటుక కట్టడం ఉంది. సైకిళ్ళ వాళ్ళు చాలామంది ఆగకుండా వెళ్ళిపోతున్నారు. అసలు కథ జరిగింది అక్కడ!

1892లో జీతాలు తగ్గించాలనీ, యూనియన్ని వదిలించుకోవాలనీ మేనేజర్ హెన్రీ ఫ్రిక్ మిల్లుకి తాళం వేశాడు. కార్నెగీ దొరవారు స్కాట్లాండ్‌లో ఉన్నారు. జులై 6 తెల్లవారుజామున 300 మంది పింకర్టన్ ఏజెన్సీ మనుషులు పడవల్లో వచ్చి ఇక్కడే దిగబోయారు. ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చి అడ్డుకుంది. పగలంతా కాల్పులు, రెండువైపులా చావులు. చివరికి పింకర్టన్లు లొంగిపోయారు. కార్మికులు గెలిచారనుకున్నారు గానీ, వారం తిరక్కుండా 8,000 మందికి పైగా రాష్ట్ర సైనికులు దిగారు. నవంబరుకల్లా సమ్మె విరిగిపోయింది. మళ్ళీ అక్కడి మిల్లుల్లో యూనియన్‌ని గుర్తించింది 1937లోనే.

1898లో కార్నెగీ ఈ ఊరికే బ్రహ్మాండమైన లైబ్రరీ కట్టించాడు, ఇప్పటికీ నడుస్తోంది. అప్పట్లో మిల్లులో చాలామందికి రోజుకి పన్నెండు గంటల పని. అది చదివేదెవరు, ఎప్పుడు? ఆ పన్నెండు గంటల షిఫ్టు పోయింది 1923లో.

మన ఫీల్డ్‌లో యూనియన్ అంటే నవ్వుతారు. మనం "ప్రొఫెషనల్స్" కదా! టైమ్‌షీట్‌లో ఎనిమిది అని నింపి, పదకొండు గంటలు పనిచేసి, లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు ఒక్కళ్ళమే బాక్సు సర్దుకుంటాం. అందరం తుపాకులు పట్టుకుందామని కాదండీ బాబూ నేననేది. ఎనిమిది గంటలూ, వీకెండూ ఏ కంపెనీ ప్రేమగా ఇచ్చినవి కావు. లేబర్ డేని దేశమంతటికీ సెలవు చేసిందీ 1894లోనే, ఇలాంటి గొడవల మధ్యే.

పొగగొట్టాల దగ్గర ఫొటో దిగండి, తప్పులేదు. అక్కణ్ణుంచి పంప్ హౌస్‌కి నడిచే వెళ్ళొచ్చు. నది ఒడ్డున ఓ పది నిమిషాలు నిలబడి, ఆ పడవలు ఎటునుంచి వచ్చుంటాయో చూసి రండి. వెళ్ళొచ్చినవాళ్ళు మీకేమనిపించిందో చెప్పండి.