లాకులు దాటిన తెరచాప

మన గోదావరి, కృష్ణా కాలువలు పొలాలు తడపటానికే తవ్వారని చాలామంది అనుకుంటారు. అది సగం మాటే. ఒకనాడు మన ధాన్యం బస్తా బజారుకు పోయిన బాట కూడా అదే.

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తి అయినది. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకూ ఆనకట్ట పడింది. రైలు కంటె నీటి రవాణా చౌక అని ఆర్థర్ కాటన్ గట్టిగా వాదించాడు. అందుచేతనే పెద్ద కాలువలను పడవలు సాగేటట్లు తవ్వి, నీటిమట్టం మారేచోట్ల లాకులు కట్టారు. మద్రాసు నుంచి 1806లో మొదలైన ఉప్పుకాలువను క్రమంగా పొడిగించారు. ధాత కరువులో కూలికి వచ్చిన జనం కూడా దాన్ని తవ్వారు. 1878లో దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టారు.

లాకు అంటే రెండు జతల తలుపుల మధ్య నీటి గది. దిగువకు పోవాలంటే, పడవ లోనికి వచ్చాక పైతలుపులు మూసి, కిందితలుపుల తూము తెరుస్తారు. గదిలో నీరు తగ్గి దిగువ నీటితో సమమైతేనే తలుపులు విచ్చుకుంటాయి. ఎగువకు పోవాలంటే ఇందుకు తిరగేసి.

ఆ రోజుల్లో కాకినాడ నుంచి మద్రాసు ప్రయాణానికి ముందు చూసుకోవలసిన లెక్కలు మూడు.

మొదటిది కాలం. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఆలోగా తిరిగి రాకపోతే పడవ బురదలో కూర్చున్నట్లే.

రెండవది గాలి. కోతలయ్యాక, సంక్రాంతి రోజుల్లో ఈశాన్యపు గాలి దక్షిణంగా పోయే తెరచాపకు తోడు. ఎండలు ముదిరేవేళ దక్షిణపు గాలి తిరుగుదారికి తోడు.

మూడవది ఎగుడు దిగుడు. ధవళేశ్వరం వరకు ఎదురు నీరు. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగాలి. అక్కడ గోదావరి దాటి, విజ్జేశ్వరం నుంచి ఏలూరుదాకా వాలు నీరు. ఏలూరు నుంచి బెజవాడకు మళ్లీ ఎదురే. కృష్ణ దాటి, సీతానగరం లాకులో దిగితే, దుగ్గిరాల మీదుగా పెద్దగంజాం వరకు వాలు. ఆపైన ఉప్పునీరు, కనుక తాగునీరు కుండలకు ఎత్తుకునే పోవాలి.

1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన ఎక్కి రైలు వచ్చింది. తరువాత లారీలు వచ్చాయి. 1965-66 నాటి తుపానులు బకింగ్‌హాం కాలువను దెబ్బతీశాయి. 2008లో ఈ దారికి నాలుగవ జాతీయ జలమార్గమని పేరు వచ్చింది. అయినా చాలాచోట్ల నేడు పడవ సాగదు. పూడిక, గుర్రపుడెక్క అడ్డు.

సోదరులారా, పడవ ఆగినచోట నీరూ మందగిస్తుంది. ఆ దెబ్బ ముందు తగిలేది శివారు రైతుకే. కాలువలు కట్టేసిన రోజుల్లో మీ ఊరి బోదె పూడిక నలుగురూ కలిసి తీయండి. గుర్రపుడెక్కను గట్టుకు లాగి ఎండబెట్టండి. చెత్త కాలువలో వేయకండి. తెరచాప తిరిగి వచ్చినా రాకపోయినా, చివరి మడికి నీరు రావాలి.