మూడుతో మొదలైన కథ

గౌతమీ వసిష్ఠా పాయల నడుమ, రెండు వంతెనల మధ్య నిలిచి, జొన్నాడ వైపు నుండి వచ్చు బాటసారిని ఒక దారిని సిద్ధాంతమునకును, మరియొక దారిని కొత్తపేట, అమలాపురములకును పంపుచుండు రావులపాలెమున ఏ వస్తువైనను నడిమి నుండి చేతికందుట వింత కాదు. అరటి సంతకు పేరుపడిన ఆ యూరి నుండి కర్పూర, చక్కెరకేళి గెలలు లారీలకెక్కి పరప్రాంతములకు పోవుచుండగా, అదే బాటను ఎక్కడెక్కడి సరకులో వచ్చి దిగుచుండెడివి. అట్లు దిగిన వానిలో ఒకటి జపాను దేశపు ద్వంద్వయుద్ధపు ఆట. దాని పేరు టెక్కెన్. ఆ భాషలో ఇనుప పిడికిలి యని అర్థము. మేము మాత్రము దానిని ‘టెక్కెన్ త్రీ’ యనియే యెరుగుదుము. ఆ త్రీ యనునది లెక్క యని తోచినవాడు మాలో నొక్కడును లేడు. ఇంటిపేరు వలె అదియు పేరునకంటుకొని వచ్చినదనుకొంటిమి.

నామ్కో సంస్థ మొదటి టెక్కెన్‌ను 1994లో, రెండవదానిని 1995లో, మూడవదానిని 1997లో నాణెము వేసి యాడు యంత్రములకై వెలువరించినది. మూడవది 1998లో సోనీ వారి ప్లేస్టేషన్‌కు దిగి, లోకమంతటను ఎనభై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినది. దాని కథ మన పురాణములకు మిక్కిలి దూరమైనదేమియు కాదు. హెయిహాచి యను తండ్రి పసివాడైన కజూయాను కొండచరియ నుండి త్రోసివేయును; బ్రతికి బయటపడిన కొడుకు పెరిగి తండ్రిని గెలిచి అదే చరియ నుండి త్రోయును; రెండవ భాగమున తండ్రి తిరిగివచ్చి కొడుకును అగ్నిపర్వతము పాలు చేయును. పంతొమ్మిదేండ్లు గడచిన పిమ్మట కజూయా కొడుకు జిన్, తన తండ్రిని చంపబూనిన ఆ తాతకడనే విద్య నేర్చి బరిలో దిగుట మూడవ భాగము. ఇందు లా అను వీరుడు పాత లా కొడుకు. ఎలుగుబంటి కూమా పాత కూమా పిల్ల. మృగముఖపు ముసుగు ధరించిన కింగ్, మొదటి కింగ్ మరణింపగా ఆ ముసుగును తలకెత్తుకొన్న వేరొకడు. తండ్రుల కథ తెలియని మేము వీరినందరిని స్వయంభువులుగా నెంచి పూజించితిమి.

ఇందుకు మేము సిగ్గుపడవలసినదేమియు లేదు. జొన్నాడ వైపు వంతెన దాటి కొంత దూరమేగినచో వచ్చు రాజమహేంద్రవరమున నన్నయ భారతమారంభించి అరణ్యపర్వము నడుమ విడిచిపోగా, తిక్కన ఆ మిగిలిన భాగమును ముట్టక విరాటపర్వము నుండి యెత్తుకొనెను. ఆ నడిమి ఖాళీ ఎఱ్ఱన వచ్చువరకు ఖాళీగనే యుండెను. అంతవరకు పాఠకులెవరును చదువు మానుకొని కూర్చుండిరని నేననుకొనను.

బస్సులు ఆగు చోటికి దగ్గరగా ఒక యిరుకు కొట్టులో రెండు టీవీలు, గంటల లెక్కన అద్దె, గోడకొక గడియారము: ఇదియే మా రంగస్థలము. చిప్పు వేయించిన ప్లేస్టేషన్ లో అద్దము జరుగు పట్టా అరిగిపోయి సీడీని చదువ నిరాకరించుటచే, కొట్టువాడు పెట్టెను వెల్లకిల త్రిప్పి పెట్టెడివాడు. అట్లు తలక్రిందుగా నున్నంతసేపు అది చక్కగా పని చేసెడిది. రిమోట్ మీది నాలుగు మీటలు నాలుగవయవములు: చదరము ఎడమచేయి, త్రికోణము కుడిచేయి, ఇంటు గుర్తు ఎడమకాలు, సున్న కుడికాలు. విద్య తెలిసినవాడు పాల్‌నో జిన్‌నో కోరుకొనెడివాడు. ఏమియు తెలియనివాడు బ్రెజిల్ దేశపు ఎడ్డీని పట్టుకొని ఇంటును సున్నను ఎడాపెడా నొక్కి, ఆరితేరినవానిని సైతము పడగొట్టి రచ్చ చేసెడివాడు. సంక్రాంతి బరిలో డేగ, కాకి, నెమలి యని పుంజు రంగును, వారమును చూచి పందెము కాయు పెద్దల యింటి పిల్లలగుటచే కాబోలు, మాలో కొందరు శుక్రవారము యోషిమిత్సును ముట్టెడివారు కారు.

ఆటలో మొదట పదిమంది వీరులే తెరచియుందురు. ఒక్కొక్కనితో ఆట ముగించిన కొలది క్రొత్తవాడొకడు బయటకు వచ్చును. ఆ సంపాదనను దాచుకొనుటకు మెమరీ కార్డు కావలెను. మా కొట్టులో అది లేదు. అందుచేత మధ్యాహ్నమంతయు శ్రమించి తెచ్చిన హెయిహాచి, అన్నా, మోకుజిన్ మొదలగు వారందరును కరెంటు పోయిన క్షణమున అంతర్ధానము చెందెడివారు. చీకటిలో మొదటి వాదము వీరుల గూర్చి కాదు, మిగిలిన పదునొకండు నిమిషములు ఎవరి ఖాతాలో వ్రాయవలెనన్నదాని గూర్చియే.

కొంతకాలమునకు కొట్టువాడు ఎచ్చటి నుండియో రెండవ భాగపు సీడీ తెచ్చెను. పాలితీను కవరుపై మార్కరుతో ‘టెక్కెన్ 2’ అని వ్రాసియుండెను. మూడు తరువాత రెండు వచ్చుట చూచి, ఇది పెద్దదా చిన్నదా యని కొంత తర్జనభర్జన జరిగినది. పెట్టి చూడగా బొమ్మలు మొరటుగా కనబడినవి. మేమెన్నడును చూడని ఒకడు మా జిన్ చేయు గ్రుద్దులనే చేయుచుండెను.

“అన్నా, వీడెవడండీ, జిన్ దెబ్బలన్నీ కాపీ కొడుతున్నాడు?” అని నా ప్రక్కవాడడిగెను.

“వాళ్ళ నాన్నరా ఆడు,” అని కొట్టువాడు గడియారము వంక చూచి, “మీకింకా ఐదు నిమిషాలే ఉంది, ఆడతారా, తీసి మూడు పెట్టెయ్యనా?” అనెను.

మూడే పెట్టుమంటిమి.